ఒక్క నంబర్ చెప్పమంటే కుదరదు తమ్ముడూ, పాముకి రెండు చివర్లు కావాలి

ప్రశ్న: అన్నా నమస్తే. మాది మియాపూర్, అపార్ట్‌మెంట్‌లో అన్నిటికన్నా పై ఫ్లోర్. నా దగ్గర ఏడాది వయసున్న బాల్ పైతాన్ పాము ఉంది, కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించాను, కాగితాలన్నీ ఉన్నాయి. రెండడుగుల గాజు ట్యాంక్, పైన జాలీ మూత. కింద మధ్యలో హీట్ మ్యాట్, పైన ఎర్ర బల్బు, లోపల దాక్కోడానికి ఒక చిన్న గుహ లాంటిది పెట్టాను. గాజుకి అతికించిన గుండ్రటి మీటర్లలో 31 డిగ్రీలు, 55 శాతం హ్యుమిడిటీ చూపిస్తున్నాయి. వీడియోల్లో చెప్పినట్టే అంతా చేశాను. కానీ నెల రోజులుగా ఏమీ తినట్లేదు, రోజంతా నీళ్ళ గిన్నెలోనే చుట్ట చుట్టుకుని పడుకుంటోంది, మొన్న కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడింది, ఒక కంటి మీద పొర అలాగే ఉండిపోయింది. ఎవరికైనా ఇచ్చెయ్యమని అమ్మ రోజూ గొడవ. టెంపరేచర్ ఎంత పెట్టాలి, హ్యుమిడిటీ ఎంత పెట్టాలి, ఒక్క నంబర్ చెప్పండన్నా, అదే సెట్ చేసేస్తాను.

సమాధానం:

తమ్ముడూ, ముందు ఆ ఎర్ర బల్బు ఇప్పుడే ఆపేసి తర్వాత మిగతాది చదువు. మే నెలలో, పై ఫ్లోర్‌లో, స్లాబ్ వేడి నెత్తి మీద కొడుతుంటే ఆ బల్బుతో పనే లేదు. నీ పాము గిన్నెలో పడుకుంటోందంటే అది నీతో చెప్పగలిగింది చెప్తోంది, వేడి తట్టుకోలేకపోతున్నా అని, లేదా ఒళ్ళు ఎండిపోతోంది అని. ఇంకో కారణం కూడా ఉంటుంది, ఒంటికి పట్టే సన్నటి పురుగులు, మైట్స్ అంటారు, వాటి బాధ పడలేక కూడా నీళ్ళల్లో మునుగుతాయి. తెల్ల టిష్యూ తడిపి దాని ఒళ్ళంతా మెల్లగా తుడిచి చూడు, దవడల కింద, కళ్ళ చుట్టూ కూడా చూడు, గిన్నె అడుగున ఆవగింజ కన్నా చిన్న నల్ల చుక్కలు ఏమైనా ఉన్నాయేమో చూడు. ఉంటే ఆలస్యం చెయ్యకుండా డాక్టర్ దగ్గరికి. లేకపోతే మాత్రం సమస్య నీ ట్యాంక్‌దే అని గట్టిగా అనుకోవచ్చు.

ఒక్క నంబర్ అడిగావు కదా, అక్కడే తేడా కొడుతోంది. పాము ఒంట్లో మనలాగా వేడి పుట్టదు, బయట నుంచే తెచ్చుకోవాలి, ఎక్కువైతే చల్లటి చోటికి జరిగి వదిలించుకోవాలి. అది ఊరికే ఎండలో పడి ఉండే జీవి కాదు, చోటు మారుతూ తన ఒంటి వేడిని తనే చూసుకుంటుంది, 1944లోనే కౌల్స్, బోగర్ట్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు ఎడారి పాముల మీద, తొండల మీద పనిచేసి ఈ సంగతి చూపించారు. తిన్నాక వేడి చోటికి పోతుంది, అరగడానికి వేడి కావాలి కాబట్టి. అరిగాక చల్లటి వైపుకి వస్తుంది. కుబుసం విడిచే ముందు తేమ ఉన్న మూల వెతుక్కుంటుంది. ఇలా దానికి ఒక్కోసారి ఒక్కో రకం అవసరం ఉంటే నువ్వు ట్యాంక్ మొత్తం 31 చేసి పెడితే అది ఎక్కడికని పోతుంది చెప్పు. మనం పెట్టాల్సింది టెంపరేచర్ కాదు, ఒక చివర నుంచి ఇంకో చివరకి మెల్లగా తగ్గుతూ పోయే వరస, అందులో ఎక్కడ ఉండాలో అదే తేల్చుకుంటుంది.

బాల్ పైతాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికాలది, ఘానా, టోగో, బెనిన్ ఆ వైపు గడ్డి మైదానాల్లో ఎలకల కలుగుల్లో, చెదపుట్టల్లో పగలంతా గడుపుతుంది. ఆఫ్రికా పాము కదా ఎంత వేడైనా తట్టుకుంటుంది అని చాలామంది అనుకుంటారు, అది చాలా పెద్ద పొరపాటు. పైన ఎండ మాడిపోతున్నా కలుగు లోపల చల్లగా, కాస్త చెమ్మగా ఉంటుంది, అది బతికేది ఆ చెమ్మలో. మన ఊళ్ళల్లో కూడా పాములు పుట్టల్లో, బండల సందుల్లో ఎందుకు దూరతాయనుకున్నావు, మే నెల మధ్యాహ్నం మన గండశిల మీద చెయ్యి పెడితే కాలిపోతుంది, అదే బండ కింద సందులో చెయ్యి పెడితే హాయిగా ఉంటుంది (పెట్టకు, ఊరికే చెప్తున్నా). నీ ట్యాంక్‌లో ఆ సందు లేదు.

దీనికి కావాల్సింది ఇది. వేడి చివర నేల మీద, అంటే పాము పొట్ట ఆనే చోట, 31 నుంచి 33 డిగ్రీలు. చల్లటి చివర 25 నుంచి 27. రాత్రి పూట అంతా కొంచెం తగ్గినా పర్లేదు కానీ 24 కిందకి పోనివ్వకు. 35 దాటిన చోట తప్పించుకునే దారి లేకుండా గంటల తరబడి ఉంటే ప్రాణం మీదకే వస్తుంది. చలికి పాము మెల్లగా జబ్బు పడుతుంది, వేడికి మాత్రం ఒక్క మధ్యాహ్నంలో పోతుంది, అందుకే హైదరాబాద్‌లో నేను ఎవరికైనా ముందు చల్లటి చివర గురించే చెప్తాను. నువ్వు చూసిన వీడియోలు చాలావరకు చలి దేశాల వాళ్ళు చేసినవి, వాళ్ళ గది ఎప్పుడూ 20 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి చల్లటి చివర వాళ్ళకి ఫ్రీగా వచ్చేస్తుంది, వాళ్ళ బాధంతా వేడి ఎలా పుట్టించాలి అని. మనకి ఏడాదిలో మూడు నాలుగు నెలలు దానికి పూర్తిగా ఉల్టా.

రెండడుగుల ట్యాంక్‌లో, అదీ మ్యాట్ మధ్యలో పెడితే, చివర్లు అనేవే ఉండవు. పెరిగిన బాల్ పైతాన్‌కి నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉండాలి, ఇప్పుడు నీ పాముకి మూడడుగులైనా కావాలి. కొత్తది కొనే బదులు వడ్రంగి చేత ప్లైవుడ్‌తో చేయించుకో, ముందు వైపు జరిపే గాజు తలుపులు, పక్కలకి గాలి కోసం చిన్న కన్నాలు, లోపలి అంచులన్నీ అక్వేరియం సిలికాన్‌తో మూయించి ఆ వాసన పూర్తిగా పోయేదాకా పామును అందులో వెయ్యకు. అప్పటిదాకా ఉన్న ట్యాంక్‌లోనే మ్యాట్‌ని ఒక చివరకి జరిపెయ్యి, నేలలో మూడో వంతుకి మించి పరుచుకోకూడదు.

గుహ ఒక్కటే పెట్టానన్నావు, దీని గురించి గట్టిగా చెప్పాలి. బాల్ పైతాన్ చాలా పిరికి పాము. దాక్కునే చోటు ఒక్కటే ఉంటే, అది వేడి వైపు ఉన్నా చల్లటి వైపు ఉన్నా అక్కడే ఉండిపోతుంది, ఒళ్ళు ఉడికిపోతున్నా బయటికి రాదు, ఎందుకంటే దానికి ముందు భయం, తర్వాతే వేడీ చలీ. రెండు చివర్లా సరైన డిగ్రీలు పెట్టుకుని, చల్లటి వైపు అంతా ఖాళీగా వదిలేస్తే ఆ చల్లదనం దానికి లేనట్టే లెక్క. అందుకని ఒకే సైజువి, ఒకేలా ఉండేవి రెండు పెట్టు, చుట్ట చుట్టుకుంటే పక్కలు తగిలేంత ఇరుకుగా ఉండాలి. ఖరీదైనవి అవసరం లేదు, నర్సరీలో దొరికే మట్టి కుండీ తెచ్చి అంచు దగ్గర పాము దూరేంత నోరు కొట్టించి, గరుకు లేకుండా రుద్ది బోర్లించు. మధ్యలో ఎండుటాకులు, చెక్క ముక్కలు వేస్తే ఒక చివర నుంచి ఇంకో చివరకి కనపడకుండా పాక్కుంటూ పోతుంది.

థర్మోస్టాట్ (అనుకున్న వేడికి రాగానే మ్యాట్‌ని ఆపేసే పరికరం) గురించి నువ్వు ఏమీ రాయలేదు, అంటే లేదనే అనుకుంటున్నా. మ్యాట్‌ని డైరెక్ట్‌గా ప్లగ్‌లో పెట్టావంటే అది దాని ఇష్టం వచ్చినంత వేడెక్కుతుంది. లోపల నేల మీద కొబ్బరి పొట్టు లాంటిది మందంగా పరిచి ఉంటే పైన చల్లగానే అనిపిస్తుంది, కింద గాజు మాత్రం కాలిపోతుంటుంది, పాము తవ్వుకుని అడుక్కి పోయి పొట్ట కాల్చుకుంటుంది, కాలుతున్నా చాలాసేపు అక్కడి నుంచి కదలకపోవచ్చు కూడా. థర్మోస్టాట్ తెచ్చి దాని ప్రోబ్‌ని (వైరు చివర వేడిని కొలిచే ముక్క) మ్యాట్ ఉన్న చోట గాజు మీద కదలకుండా బిగించు, గాల్లో వేలాడదియ్యకు. గాల్లో ఉన్న ప్రోబ్ గది గాలిని చదివి ఇంకా చల్లగా ఉందనుకుని మ్యాట్‌ని వేడెక్కిస్తూనే ఉంటుంది. పాము ప్రోబ్‌ని లాగేసి నీళ్ళ గిన్నెలో పడేస్తే కూడా అంతే, అందుకని టేపు కాకుండా (టేపు పాము ఒంటికి అంటుకుంటే పొలుసులు ఊడొస్తాయి) వైరుని కేబుల్ టైతో బయట కట్టి ఆపు. రాత్రికి ఎర్ర లైటూ అక్కర్లేదు ఏ లైటూ అక్కర్లేదు, చీకట్లో ఎలకని పట్టుకోడానికి దాని పెదాల మీద వేడిని గుర్తుపట్టే గుంటలు ఉన్నాయి.

ఇంక ఆ గుండ్రటి ముల్లు మీటర్లు, వాటిని పీకి పక్కన పడెయ్యి. అవి అతికించిన చోట గాజు పక్కనున్న గాలిని చదువుతాయి, అది కూడా సరిగ్గా చదువుతాయన్న గ్యారంటీ లేదు. ప్రోబ్ ఉన్న డిజిటల్ మీటర్లు రెండు తెచ్చుకో, ఒకటి వేడి గుహలో నేల మీద, ఒకటి చల్లటి గుహలో నేల మీద. టెంపరేచర్ గన్ ఉంటే ఇంకా మంచిది, కానీ కోవిడ్ టైమ్‌లో నుదుటి మీద పెట్టి చూసిన గన్ ఇంట్లో ఉంటే దాన్ని వాడకు, మనిషి ఒంటి వేడికి లెక్క కట్టి చూపించేలా చేసినవి అవి. గన్‌తో గాజు బయట నుంచి కొడితే గాజు వేడే చూపిస్తుంది, మూత తీసి లోపలికి కొట్టాలి.

హ్యుమిడిటీ మీటర్ నిజం చెప్తుందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. సీసా మూతలో వంటింటి ఉప్పు వేసి తడి ఇసుకలా అయ్యేదాకా కొన్ని చుక్కలు నీళ్ళు కలుపు, కరిగిపోకూడదు. దాన్నీ మీటర్‌నీ కలిపి గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి రాత్రంతా వదిలెయ్యి. తడి ఉప్పు పైన గాలి 75 శాతం దగ్గర నిలబడుతుంది. పొద్దున నీ మీటర్ 68 చూపించిందనుకో, అది ఏడు తక్కువ చెప్తుందని రాసి పెట్టుకో.

55 శాతం చూపిస్తుంటే కుబుసం ఎందుకు ముక్కలైందని నీకు అనిపిస్తుంది. హ్యుమిడిటీ శాతం అనేది గాలిలో ఎన్ని నీళ్ళున్నాయని కాదు, ఆ వేడిలో గాలి పట్టుకోగలిగినదాంట్లో ఎంత నిండిందని. 25 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటర్ గాలి మహా అయితే 23 గ్రాముల ఆవిరి పట్టుకుంటుంది, 32 దగ్గర దాదాపు 34 గ్రాములు. ఇప్పుడు చల్లటి చివర 70 శాతం ఉందంటే అక్కడ 16 గ్రాములున్నట్టు. అదే గాలి వేడి చివరకి వచ్చిందనుకో, నీళ్ళు అవే 16 గ్రాములు, కానీ 34లో 16 అంటే సగం కూడా కాదు. ఒక్క చుక్క తగ్గకుండానే 70 కాస్తా 50 లోపుకి దిగిపోయింది. కాబట్టి వేడి వరస పెట్టావంటే తేమ వరస దానంతట అదే వస్తుంది, రెండు వేరు వేరు కాదు. నీ ట్యాంక్ అంతా ఒకే వేడి కాబట్టి కుబుసం టైమ్‌లో దానికి తేమ ఉన్న మూల దొరకలేదు. చల్లటి వైపు 65 నుంచి 75, వేడి వైపు 50కి కాస్త అటూ ఇటూ ఉంటే కంగారు పడకు. వేడి వైపు కూడా 70 చెయ్యాలని స్ప్రే కొట్టీ కొట్టీ చల్లటి వైపుని బురద చేసేవాళ్ళు చాలామంది.

స్ప్రే అసలు నాకు నచ్చదు. కొట్టగానే మీటర్ 90కి పోతుంది, గంటకి మళ్ళీ మొదటికి వస్తుంది, పై పొర మాత్రం తడిగా ఉండిపోయి పొట్ట పొలుసులు కుళ్ళడం మొదలవుతుంది. కొబ్బరి పొట్టు, కొబ్బరి పీచు ముక్కలు కలిపి నాలుగు అంగుళాల మందం వెయ్యి (నర్సరీ నుంచి తెస్తే ఎరువు కలపనిది అడుగు, రెండు మూడు సార్లు కడిగి పిండు), మ్యాట్ ఉన్న వైపు మాత్రం పలచగా ఒక అంగుళం చాలు. తర్వాత నీళ్ళని పైన చల్లకుండా చల్లటి వైపు మూలల్లో మెల్లగా పొయ్యి, అవి కిందకి దిగి అడుగు పొర తడుస్తుంది, పై పొర పొడిగా ఉంటుంది, రోజంతా మెల్లగా ఆవిరి లేస్తూ ఉంటుంది. వేలు గుచ్చి చూస్తే పైన పొడి, కింద చెమ్మ తగలాలి. దీనికి తోడు మూతకి కన్నం చేసిన ప్లాస్టిక్ డబ్బాలో తడిపి నీళ్ళు పిండేసిన నాచు (మాస్) నింపి మధ్యలో పెట్టు, కుబుసం టైమ్‌లో అదే అందులో దూరుతుంది.

ఇంకో సంగతి, నీ ట్యాంక్ పైన జాలీ, దాని పైన సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటుంది కదా? మన ఇళ్ళల్లో ఫ్యాన్ ఆగేదెప్పుడు. నువ్వు పోసిన తేమంతా ఆ ఫ్యాన్ గాలికి జాలీలోంచి బయటికి పోతోంది. జాలీలో మూడొంతులు అక్రిలిక్ షీటుతోనో ఫాయిల్‌తోనో కప్పెయ్యి, చల్లటి వైపు కొంచెం గాలికి వదులు. పూర్తిగా మూస్తే గాలి ఆడక ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది.

ఇప్పుడు మన హైదరాబాద్ ఎండాకాలం. గది 37 ఉంటే ఏ థర్మోస్టాట్ కూడా ఏమీ చెయ్యలేదు, అది వేడిని ఆపగలదు కానీ చల్లదనం తేలేదు. ట్యాంక్ అల్మారా పైన ఉంటే ముందు కిందకి దించు, వేడి గాలంతా పైకే పోతుంది. పడమటి గోడకి, కిటికీ ఎండకి దూరంగా, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలోకి మార్చు. ఏసీ ఉంటే 26, 27 మీద పెట్టు, గాలి సూటిగా ట్యాంక్ మీదకి రాకుండా చూసుకో, ఏసీ తేమని లాగేస్తుంది కాబట్టి మూలల్లో నీళ్ళు కాస్త ఎక్కువ పొయ్యి. రాత్రి మీరు 20 పెట్టుకుని పడుకుంటే మాత్రం పాము ఆ గదిలో వద్దు. కూలర్ అయితే గది చల్లబడుతుంది, తేమ కూడా పెరుగుతుంది, ఎండిపోయిన మే నెలలో అది మంచిదే, కాకపోతే కిటికీ తెరిచి ఉంచు. మా అమ్మమ్మ వాళ్ళ కాలంలో కట్టుకున్న వట్టివేళ్ళ తడకలు కిటికీకి కట్టి తడిపినా గది బాగా దిగుతుంది. కరెంటు పోతే ఏం చేస్తావో ఇప్పుడే అనుకో, ఫ్రీజర్‌లో రెండు నీళ్ళ బాటిళ్ళు గడ్డకట్టించి ఉంచుకో, తువ్వాలు చుట్టి ట్యాంక్ బయట చల్లటి చివర గోడకి ఆనించు, లోపల పెట్టకు. మీది పై ఫ్లోర్ కాబట్టి మేడ మీద తెల్లటి కూల్ పెయింట్ వేయించమని అసోసియేషన్‌లో అడుగు, 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది, అది పాముకే కాదు మీ అమ్మకీ హాయి.

జూలై నుంచి సెప్టెంబర్ దాకా గాలిలోనే తేమ ఎక్కువ, అప్పుడు నీళ్ళు పొయ్యడం తగ్గించి జాలీ ఎక్కువ తెరువు. డిసెంబర్, జనవరిలో రాత్రి బయట 15 కిందకి పోతుంది, గది 20 దగ్గరికి వస్తుంది, మ్యాట్ నేలని వేడి చేస్తుంది కానీ గాలిని చెయ్యలేదు, అప్పుడు వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ హీటర్ కావాలి, దానికి ఇనప జాలీ తొడుగు లేకపోతే పాము వెళ్ళి చుట్టుకుని ఒళ్ళు కాల్చుకుంటుంది. ఒక విషయం మాత్రం ఏ కాలమైనా మర్చిపోకు, ఆ గదిలో దోమల లిక్విడ్, కాయిల్, హిట్ లాంటి స్ప్రేలు వద్దు, వాటిలో ఉండే పైరెథ్రాయిడ్ అనే పురుగుమందులు పాములకి మంచివి కావు. కిటికీకి దోమతెర కొట్టించు.

కంటి మీద పొరని గోటితో, ట్వీజర్‌తో లాగే పని అస్సలు చెయ్యొద్దు, కన్ను పోతుంది. గాలి కన్నాలున్న డబ్బాలో గోరువెచ్చటి తడి తువ్వాలు వేసి, 28, 30 డిగ్రీల్లో, పక్కనే ఉండి చూసుకుంటూ అరగంట ఉంచు, ఒంటి మీద ముక్కలు అది పాకుతుంటేనే ఊడతాయి. తోక చివర పాత కుబుసం ఉంగరంలా బిగుసుకుని ఉందేమో తప్పకుండా చూడు, ఉంటే రక్తం ఆగి తోక కొన ఎండిపోతుంది. కంటి పొర వచ్చే కుబుసంతో పోవచ్చు, అప్పటికీ పోకపోతే డాక్టర్ తియ్యాలి.

తినకపోవడం గురించి భయం నాకు అర్థమవుతుంది. కానీ ట్యాంక్ సరిగ్గా లేనప్పుడు బలవంతంగా తినిపిస్తే అరక్క కక్కేస్తుంది, అది తినకపోవడం కన్నా చెడ్డది. అన్నీ మార్చాక వారం పాటు దాన్ని ముట్టుకోకు, ఫ్రెండ్స్‌కి చూపించకు, తర్వాత సాయంత్రం చీకటి పడ్డాక మేత పెట్టి చూడు. బాల్ పైతాన్లు నెలల తరబడి తినకుండా ఉండగలవు, చూడాల్సింది బరువు. వంటింటి డిజిటల్ కాటా మీద వారానికోసారి తూచి రాసుకో, పదో వంతు తగ్గితే ఇంక ఆగకు. నోరు తెరుచుకుని ఊపిరి పీల్చినా, ముక్కు దగ్గర బుడగలొచ్చినా, గురగురమని చప్పుడొచ్చినా బరువు చూడక్కర్లేదు, ఆ రోజే పాముల్ని చూసే అలవాటున్న వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు.

అమ్మ మాట కూడా ఒకటి. ఎవరికైనా ఇచ్చెయ్యమంటే ఊరికే చేతులు మార్చెయ్యడం కుదరదు, 2024 రూల్స్ ప్రకారం ఆ జీవి ఇంకొకరికి మారినా, చనిపోయినా పోర్టల్‌లో తెలియజెయ్యాలి. అలాగే నీ దగ్గర పాము ఉందని తెలిసి ఎవరైనా మన ఊరి పాము పిల్లని తెచ్చిస్తే తీసుకోకు, మన పాముల్ని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, అది జెర్రిపోతైనా సరే. హైదరాబాద్‌లో పాముల్ని కాపాడే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళకి చెప్తే వాళ్ళు తీసుకెళ్ళి చూసుకుంటారు.

ఈ వారమంతా ఒక నోట్‌బుక్ పెట్టుకో. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదింటికి రెండు చివర్ల డిగ్రీలు, శాతాలు, పాము ఆ టైమ్‌లో ఎక్కడుందో రాయి. ఎప్పుడూ చల్లటి చివరే ఉంటే వేడి ఎక్కువైనట్టు, ఎప్పుడూ వేడి చివరే ఉంటే చల్లటి వైపు మరీ చల్లబడినట్టు లేదా ఆ గుహ దానికి నచ్చనట్టు, మళ్ళీ గిన్నెలోకే పోతుంటే మైట్స్ కోసం ఇంకోసారి వెతుకు. ఆ పేజీ ఫోటో, ట్యాంక్ ఫోటో, పాము బరువు నాకు పంపు, ట్యాంక్ ఫోటోలో ప్రోబ్‌లు ఎక్కడ పెట్టావో కనపడేలా తియ్యి.